మురికి చాలని ఫిల్టరు

మా ఆయన పానకాలరావు ఇంట్లోకి బురద కాళ్లతో వచ్చేస్తాడు గానీ ట్రాక్టరు ఎక్కేటప్పుడు మాత్రం కాళ్లు కడుక్కుంటాడు. కొత్తలో నాకు ఒళ్లు మండేది. పోనుపోను, మనిషన్నాక ఎక్కడో ఒకచోట శుభ్రంగా ఉంటే చాల్లే అని సరిపెట్టుకున్నాను. నేను బీపీ మాత్ర వేసుకున్నానో లేదో ఆయనకు తెలియదు. ట్రాక్టరు ఆయిలు ఎప్పుడు మార్చాలో, ఫిల్టరు ఎప్పుడు తియ్యాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఫిల్టరంటే ఏమిటో తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పాలు వడబోయడానికి గుడ్డ ఉన్నట్టు, ఇంజనులో తిరిగే ఆయిలుకు అదొక వడపోత. చెంబంత డబ్బా. ఇనప రజను, మసి అందులో ఆగిపోతాయి. అది నిండి మొరాయించక ముందే తీసేసి కొత్తది బిగించుకోవాలి. బజారుకు వెళ్లి కొనుక్కొచ్చే వస్తువు. దీనికి ఒక ప్రభుత్వ శాఖ కావాలని నాకు ఇంత వయసు వచ్చేదాకా తెలియదు.

ఆ శాఖ పేరు ఇంజను స్వచ్ఛతా విభాగం. మా మండలంలో పాత పశువుల ఆసుపత్రికి సున్నం కొట్టి అందులో పెట్టారు. దాని అధికారి కమలనాభం గారు. ఆయన నోట్లోంచి మామూలు మాట వచ్చింది విన్నవాళ్లు లేరు. దాహమేస్తే కూడా "జలపానం నిమిత్తం ఏర్పాటున్నదా" అని అడుగుతారట. వచ్చీ రాగానే రైతులందరినీ పిలిచి సభ పెట్టారు.

"నకిలీ ఫిల్టర్ల మహమ్మారి మన వ్యవసాయ రంగాన్ని కబళిస్తున్న సంగతి మీకు విదితమే," అని మొదలుపెట్టారు. "అసలైన ఫిల్టరు లక్షణమేమి? మురికిని పట్టుట. నకిలీ ఫిల్టరు లక్షణమేమి? పట్టకుండుట. కావున ఏ ఫిల్టరునందు తగినంత మురికి లేదో అది నకిలీదని రుజువగుచున్నది. ఇకమీదట మీరు పాత ఫిల్టరును మా కార్యాలయానికి తేవలెను. మేము తూచెదము. మురికి ప్రమాణమునకు సరిపోయినచో మలిన ధ్రువపత్రం మంజూరగును. ఆ పత్రం చూపినవారికే దుకాణదారుడు కొత్త ఫిల్టరు అమ్మవలెను. ఇది రాష్ట్రమంతటికీ వర్తించును."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అసలు పడుతుంది, నకిలీ పట్టదు, లెక్క బాగానే ఉంది గదా అనిపించింది. మా ఆయన ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, చప్పట్లు కొట్టవేంది?" అని అడిగాను.

"ఆయిలు టయానికి మార్చేవోడి ఫిల్టర్లో మురికి ఎందుకుంటదే?" అన్నాడు.

ఎప్పుడూ ట్రాక్టరు గోలేనా అని విసుక్కున్నాను.

కాలవకు నీళ్లు వదిలే రోజులు దగ్గర పడ్డాయి. నీళ్లు నిలిపి చేను బురదగా దున్నే దమ్ము మొదలుపెట్టే ముందు ఆయిలు, ఫిల్టరు మార్చడం మా ఆయనకు వ్రతం లాంటిది. పాత ఆయిలు దించేసి, ఫిల్టరు ఊడదీసి, శుభ్రంగా వారబెట్టి, గుడ్డలో చుట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లాడు. పనుందని నేనూ వెంట వెళ్లాను.

అక్కడ తూకం వేసేది జోజి. మా వీధి చివర మార్తమ్మ కొడుకే, మంచివాడు. జోజి ఫిల్టరును కాటాలో పెట్టి ముల్లు చూశాడు. తీసి, కాటాను ఒక తట్టు తట్టి, మళ్లీ పెట్టాడు.

"బాబాయ్, ఇందులో మురికేది?"

"ఉండాల్సినంత ఉంది."

"ఉండాల్సింది చాలదు బాబాయ్. ముల్లు ఈ ఎర్ర గీత దాకా రావాల. ఇది కొత్త ఫిల్టరుకీ దీనికీ తేడానే చూపించట్లా."

లోపల్నించి కమలనాభం గారు వచ్చారు. కళ్లజోడు సవరించుకుని ముల్లు వంక, మా ఆయన వంక చూశారు.

"పానకాలరావు గారూ, మలినాంశం కనీస ప్రమాణమునకు దిగువనున్నది. తద్ద్వారా తాము ఇంతకాలం నకిలీ ఫిల్టరు వినియోగించారని తేటతెల్లమగుచున్నది."

"కంపెనీ షాపులో కొన్నానండి. అట్టపెట్టె కూడా ఉంది."

"అట్టపెట్టె మురికిని పట్టదు కదండీ. మాకు ఫలితం ప్రధానం."

"నేను ఆయిలు టయానికి మారుస్తానండి. అందుకనే మురికి లేదు."

"నేరం చేసినవారందరూ ఏదో ఒక కారణం చెబుదురు," అని ఆయన జాలిగా నవ్వారు. "విచారణ ముగియు పర్యంతం సదరు వస్తువు ప్రభుత్వాధీనంలో ఉండును."

జోజి ఫిల్టరును తెల్లగుడ్డలో కుట్టి లక్క ముద్ర వేశాడు. మా ఆయన ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. ఆయిలు దిగిపోయి, ఫిల్టరు లేక, ట్రాక్టరు పాకలో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఆ చోట దుమ్ము పడకుండా ఉతికిన తువ్వాలు చుట్టాడు. నా పెట్టెలో ఉన్న కొత్త తువ్వాలు. అడగలేదు, చెప్పలేదు.

తర్వాత కాలవకు నీళ్లొచ్చాయి. అయిదెకరాల చెక్కలో నిండుగా నీరు పెట్టాం. నారుమడిలో నారు సిద్ధంగా ఉంది. దమ్ము చేస్తే నాటెయ్యడమే. చెయ్యాల్సిన ట్రాక్టరు తువ్వాలు కట్టుకుని పాకలో ఉంది. నారు ముదిరిపోతే పిలకలు వెయ్యదు, ఎన్ని ఎరువులు చల్లినా గడ్డి తప్ప గింజ రాదు. నారుమడి పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఆగి, నారు ఎంత ఎదిగిందో చూసుకునేదాన్ని. ఆ ఏడు పంటంతా ఆ ఆకుపచ్చ చాపలోనే ఉంది మరి.

ఈలోగా యలమంద పేరు ఊళ్లో మారుమోగిపోయింది. యలమంద నన్ను అక్కా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. అతనికి బద్ధకం పుట్టుకతో వచ్చింది, ట్రాక్టరు తర్వాత వచ్చింది. కొన్ననాడు కంపెనీవాళ్లు పోసిన ఆయిలే ఇప్పటికీ అందులో ఉంది. ఆ ఫిల్టరు ఊడదియ్యడానికి గొలుసు కట్టి ఇద్దరు లాగాల్సి వచ్చిందట. కాటాలో పెడితే ముల్లు ఎర్ర గీత దాటి, అంకెలు దాటి, అవతలి మేకుకు కొట్టుకుని ఆగింది.

కమలనాభం గారు లేచి నిలబడి చేతులు జోడించారని జోజి చెప్పాడు.

మర్నాడు పంచాయతీ ముందు యలమందకు శాలువా కప్పారు. ఆదర్శ మలిన సేకర్త అని బిరుదు ఇచ్చారు. అతనికి ఏం మాట్లాడాలో తెలియక, "నేనేం చెయ్యలేదండి" అన్నాడు. అది అక్షరాలా నిజం.

"ఈ వినయమే మనకు ఆదర్శం," అన్నారు కమలనాభం గారు.

ఆ తర్వాత యలమంద చేత శిక్షణ తరగతులు పెట్టించారు. నిన్నటిదాకా అతని ట్రాక్టరు పొగ చూసి మొహం తిప్పుకున్నవాళ్లంతా వెళ్లి ముందు వరసలో కూర్చున్నారు. ఏం చేస్తారు, అందరికీ ధ్రువపత్రం కావాలి గదా.

"ఆయిలు మార్చబాకండి," అని యలమంద పాఠం చెప్పాడు. "నల్లగా అయినా మార్చబాకండి. జారుడు తగ్గితే ఇంకాస్త పొయ్యండి గానీ దించబాకండి. గాలి వడగట్టేది ఇంకోటి ఉంటది, అది పీకి దొడ్లో పారెయ్యండి. దుమ్ము లోపలికి పోవాల గదా, పోకపోతే మురికి ఎట్టా వస్తది?"

"అప్పుడు ఇంజను పోదూ?" అని ఎవరో అడిగారు.

"ఇప్పటిదాకా నాది పోలా," అన్నాడు యలమంద. దానికీ చప్పట్లే.

నేను ఉండబట్టలేక ఒక్కదాన్నే ఆఫీసుకు వెళ్లాను. మగవాళ్లు వెళితే పౌరుషాలు, ఆడదాన్ని నెమ్మదిగా అడిగి తెచ్చుకుంటాననుకున్నాను.

"సామ్రాజ్యం గారూ, తమ ఆవేదన మాకు అవగతమే," అన్నారు కమలనాభం గారు. "మార్గం ఉన్నది. అదే ఫిల్టరును మరల ట్రాక్టరుకు బిగించి, మురికి పట్టువరకు నడిపి తెండి."

"అట్టయితే ఫిల్టరు ఇప్పించండి."

"అది సాక్ష్యం కదమ్మా. సాక్ష్యాన్ని ట్రాక్టరుకు బిగించరాదు."

"కొత్తదన్నా ఇప్పించండి."

"పాతది మురికి కానిదే కొత్తది ఇవ్వరాదు."

"పాతది మీ దగ్గరుంటే మురికి ఎట్టా అవుద్దండీ?"

ఆయన నిబంధనల పుస్తకం తీసి తిరగేశారు. నాకు ఆశ పుట్టింది. చివరికి తల పంకించి, "ఒకవేళ లోపం ఫిల్టరుది కాక ఇంజనుదేమో," అన్నారు. "మలినోత్పత్తి సామర్థ్యమే కొరవడినదేమో. కమిటీని పంపెదను."

కమిటీ అంటే ముగ్గురు. ఒకాయన స్వచ్ఛతా విభాగం, ఒకాయన లెక్కల విభాగం, ఇంకొకాయన పాత పశువుల ఆసుపత్రిలో బదిలీ కాకుండా మిగిలిపోయిన డాక్టరు గారు. ట్రాక్టరు చుట్టూ తిరిగారు. తువ్వాలు విప్పి లోపలికి లైటు వేసి చూశారు. చిన్నప్పుడు దీనికేమన్నా జబ్బు చేసిందా అని డాక్టరు గారు అడిగారు. మా ఆయన వెళ్లి గేదెకు కుడితి పెట్టాడు. వాళ్లు కాఫీ తాగి, ఇంజను మితిమీరిన శుభ్రతతో బాధపడుతున్నదని రాసుకుని వెళ్లిపోయారు.

నారు మోకాలి ఎత్తుకు వస్తోంది. అద్దెకు తోలిద్దామంటే ఊళ్లో ట్రాక్టర్లు వాటి వాటి పొలాలకే చాలడం లేదు.

అయితే మా ఊరి వాళ్లు అంత తెలివితక్కువ వాళ్లేం కాదు. మురికి కావాలంటే ఇంజను దాకా ఎందుకని కొందరు ఫిల్టర్లో పొయ్యి బూడిద పోశారు. కొందరు కాలవ ఒండ్రు కూరారు. ఒకావిడ దీపం మసి గీకి తెచ్చింది. ముల్లు చకచకా ఎర్ర గీత దాటేసింది. మురికిలో మా మండలం అన్నిటికంటే ముందుకొచ్చింది. కమలనాభం గారి ఫోటో ఆఫీసు గోడ మీదికి ఎక్కింది.

పైవాళ్లకు అనుమానం వచ్చింది. ఒక ఫిల్టరు కోసి చూస్తే ఉల్లిపొట్టు కనిపించిందట. ఇంజనులో ఉల్లిపొట్టు ఎలా వచ్చిందని గట్టిగా అడిగారు. దాంతో నకిలీ ఫిల్టర్లను పట్టుకోవాల్సిన శాఖకు నకిలీ మురికిని పట్టుకునే పని కూడా మీదపడింది. జీపు వేసుకుని ఇళ్ల మీదికి వచ్చి పొయ్యిలు చూడటం మొదలుపెట్టారు. మా పక్కింటావిడ వేడి బూడిద దాచలేక చెయ్యి కాల్చుకుంది.

కమలనాభం గారు మళ్లీ సభ పెట్టారు.

"కల్తీ మురికితో ప్రభుత్వాన్ని మోసగించుట క్షమార్హం కాదు," అన్నారు. "అయినను రైతుల ఇబ్బంది దృష్ట్యా, ప్రామాణిక మురికిని మా కార్యాలయమే పాకెట్లలో సరఫరా చేయనున్నది. మెరిసే ముద్ర ఉన్న పాకెట్టే కొనండి. ముద్ర లేని మురికి కొని మోసపోకండి."

ఆ మురికి యలమంద ఇంజనులో గీకిందే. వేరే ఎక్కడ దొరుకుతుంది? పాకెట్టు కొని, కిటికీ దగ్గరే చింపి ఫిల్టర్లో పోసి, పక్క కిటికీలో తూకం వేయించుకుంటే ధ్రువపత్రం చేతికి వచ్చేది. జనం బారులు తీరారు. చీర చెంగున ముడేసిన డబ్బుతో నేనూ బయల్దేరాను. గుమ్మంలో మా ఆయన అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"పాకెట్టు తెద్దామని. అది కొంటే మన ఫిల్టరు ముద్ర విప్పి అందులో పోయనిస్తారంట."

"నా ఫిల్టర్లో ఆ యలమంద గాడి మురికి పోస్తావా?"

"నారు ముదిరిపోతంది. నీ పరువు తీసుకెళ్లి నాటితే మొలుస్తదా?"

"దొంగ ఫిల్టరు వాడినోణ్ణని రాశారు. మురికి కొనుక్కొచ్చి పోస్తే అది నిజమని ఒప్పుకున్నట్టే గదా. నే బతికుండగా కాదు."

ఆయన మాటలో తప్పు లేదు. నా నారులోనూ తప్పు లేదు. అందుకే ఆ పూట అంత గట్టిగా పోట్లాడుకున్నాం. ఆయన అన్నం తినకుండా పడుకున్నాడు. నేను వెళ్లలేదు. వెళ్లినా లాభం లేకపోయేది, ఆపాటికి పాకెట్లు అయిపోయాయి. యలమంద ఇంజను మాత్రం ఎంతని కక్కుతుంది?

అలాంటి సమయంలో జోజి కబురు తెచ్చాడు. పైనుంచి డైరెక్టరు గారు వస్తున్నారట. యలమంద ట్రాక్టరు చేత దమ్ము చేయించి ఆయనకు చూపించాలట. నీళ్లు నిండుగా ఉండి ఇంకా దమ్ము చెయ్యని పొలం మండలం మొత్తం మీద మాదొక్కటే మిగిలిందట.

"మీ చెక్క ఇస్తారా పిన్నీ?"

"ఇవ్వకేం," అన్నాను మా ఆయన నోరు తెరిచేలోపే. ఎవడు దున్నితేనేం, నా పొలం దమ్మవుతుంది.

ఆ రోజు గట్టు మీద షామియానా వేశారు. బల్ల మీద యలమంద పాత ఫిల్టరుకు దండ వేసి పెట్టారు. పక్కనే మా ఫిల్టరు, లక్క ముద్ర విప్పి. దాని కింద 'ఇట్లుండరాదు' అని అట్ట మీద రాశారు. యలమందకు బహుమతిగా పెట్టెలో కొత్త ఫిల్టరు. జోజి కాటా కూడా తెచ్చాడు, డైరెక్టరు గారికి ముల్లు కదలడం చూపించడానికి. మా ఆయన దూరంగా ఇంకో గట్టు మీద కూర్చుని ఇటు చూడనట్టు చూస్తున్నాడు.

డైరెక్టరు గారు నిండైన విగ్రహం. తెల్లబట్టలు వేసుకుని ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నారు. స్వయంగా అనుభవిస్తేనే తెలుస్తుందన్నారు. యలమంద దమ్ము చక్రాలు కట్టిన ట్రాక్టరును చేలోకి దించాడు. ఒక చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో ఇంజను లోపల ఎవరో పలుగుతో కొట్టినట్టు చప్పుడు మొదలైంది.

అటు చూడని మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఆపరా యలమందా, పట్టేసుద్ది," అని అరిచాడు.

"సందేహం వలదు," అన్నారు కమలనాభం గారు గట్టు మీద నుంచి. "ఇంజను ఆత్మవిశ్వాసంతో ధ్వనించుచున్నది."

ఆ ఆత్మవిశ్వాసం సరిగ్గా చేను మధ్యకు వచ్చాక ఆగిపోయింది. నల్లటి పొగ ఒకటి వచ్చి, చక్రాలు బిగుసుకుపోయాయి. యలమంద ఎంత తిప్పినా కదల్లేదు. చుట్టూ మోకాలి లోతు బురద. డైరెక్టరు గారు దిగబోయి ఒక కాలు పెట్టారు. బూటు అందులోనే ఉండిపోయింది, కాలు మాత్రం పైకొచ్చింది. మళ్లీ మడ్‌గార్డు మీదికే ఎక్కి కూర్చున్నారు. ఎండ మాడిపోతోంది.

"మరొక ట్రాక్టరు తెప్పించండి," అన్నారు కమలనాభం గారు.

ఊళ్లోకి మనుషులు పరిగెత్తారు, తిరిగొచ్చారు. దమ్ములు ముగించిన ట్రాక్టర్లు ఒక్కొక్కటీ పట్టేసి ఎక్కడికక్కడ ఆగిపోయి ఉన్నాయట. శిక్షణ తరగతులు బాగా పనిచేసినట్టున్నాయి. మండలంలో ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఒక్కటే, అదీ తువ్వాలు కట్టుకుని మా పాకలో ఉంది.

కమలనాభం గారు గట్టు వెంబడి జారుకుంటూ మా ఆయన దగ్గరికి వెళ్లారు. "పానకాలరావు గారూ, ప్రజాప్రయోజనం దృష్ట్యా తమ ట్రాక్టరు..."

"దానికి ఫిల్టరు లేదండి."

"ఈ బహుమతి ఫిల్టరు తీసుకొనండి."

జోజి ఆయన చెవిలో గొణిగాడు. "సార్, ధ్రువపత్రం లేకుండా కొత్తది ఇస్తే మన మీదికొస్తది. డైరెక్టరు గారు చూస్తన్నారు."

చూడటమే కాదు, ఆయనకు అంతా వినపడుతోంది. చేను మధ్య నుంచి ఒంటి బూటుతో, "నా కోసం నిబంధన సడలించవద్దు, అంతా పద్ధతి ప్రకారమే కానివ్వండి," అని కేకేశారు. అంత ఎండలో కూడా మనిషి చలించలేదు. ఒక్క క్షణం నాకు గౌరవం కలిగింది.

కమలనాభం గారు బల్ల మీది మా ఫిల్టరు వంక చూశారు. తర్వాత కాళ్ల కింద నా పొలం వంక చూశారు. చొక్కా చేతులు మడిచి, వంగి, రెండు చేతులా బురద తీసి ఫిల్టర్లోకి కూరారు. ఇంకాస్త కూరారు. కాటాలో పెట్టారు. ముల్లు ఎర్ర గీత దాటింది.

"ప్రమాణమునకు సరిపోయినది," అన్నారు చేతులు దులుపుకుంటూ.

జోజి కాగితం రాసి మా ఆయన ముందు పెట్టాడు. "నా ఫిల్టర్లో మురికి ఉందని యజమాని సంతకం పెట్టాల బాబాయ్."

"పెట్టను," అన్నాడు మా ఆయన. "నా బండి మురికి బండని నా చేత్తో రాయను. పొలం బీడు పడితే పడనియ్యి."

అప్పుడు నాకు ఆయన్ని గట్టు మీద నుంచి తోసెయ్యాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. ఇంతమంది మధ్య రెండూ కుదరవు. నారుమడి వంక చూశాను. ఇంకో రెండు రోజులు పోతే పశువులకు కోసి వెయ్యడానికి తప్ప పనికిరాదు.

"బండి నా పేరున ఉంది జోజీ," అన్నాను. ఆడవాళ్ల పేరున అయితే రాయితీ ఎక్కువని అప్పట్లో నా పేరున కొన్నాం. "కాగితం ఇటు తే."

సంతకం పెట్టాను. మా ఆయన నా వంక చూసిన చూపు ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ చూడలేదు. కోపమైతే బాగుండేది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కొత్త ఫిల్టరు తీసుకుని ఇంటికి వెళ్లి, బిగించి, ఆయిలు పోసి, ట్రాక్టరు తెచ్చాడు. యలమంద ట్రాక్టరును డైరెక్టరు గారితో సహా గట్టుకు లాగిపడేశాడు. ఆ తర్వాత పొద్దుగూకేదాకా అయిదెకరాలూ దమ్ము చేశాడు. మర్నాడు కూలీలు నాటేశారు.

మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం కావాలంటే కంచం చప్పుడు చేసేవాడు. నా పంట నాకు దక్కింది, దానికి ఇంత ధర పెడతాడనుకోలేదు. రోజూ ఏడుపు వచ్చేది. గేదె దగ్గర ఏడ్చి వచ్చేదాన్ని.

యలమంద ఇంజను మీద విచారణ జరిగింది. ఫిల్టరు తన విధిని సంపూర్ణంగా నిర్వర్తించిందనీ, ఇంజనే సహకరించలేదనీ తేల్చారు. అతనికి కొత్త ట్రాక్టరు మంజూరు చేశారు. దాన్ని అతను ఇంకా స్టార్టు చెయ్యలేదు. ఎక్కాలి, కూర్చోవాలి, అదంతా పనే గదా.

నాట్లు పచ్చబడి, వేళ్లు పట్టుకుని నిలబడ్డాక, ఒక పొద్దున జోజి పొలం దగ్గరికి వచ్చాడు. నేను కలుపు చూస్తున్నాను. మా ఆయన అవతల పారతో గండి పూడుస్తున్నాడు. జోజి చేతిలో నోటీసు ఉంది. మొహం చిన్నబుచ్చుకుని, "నన్ను తిట్టబాక పిన్నీ," అని ముందే చెప్పి చదివాడు.

సామ్రాజ్యం అను రైతు సమర్పించిన ఫిల్టరులోని మురికిని పరీక్షించగా అది ప్రామాణిక మురికి కాదని తేలినది. సదరు నకిలీ మురికి పై రైతు పొలమునుండి లభించినట్లు నిర్ధారణ అయినందున, ఆ పొలమును నకిలీ మురికి ఉత్పత్తి స్థలముగా ఏల ప్రకటించరాదో సంజాయిషీ ఇవ్వవలెను. కింద సంతకం కమలనాభం గారిది. ఏ చేత్తో కూరారో ఆ చేత్తోనే పెట్టారు.

"ఆయనేగదరా ఆ బురద కూరింది?" అన్నాను.

"అవును పిన్నీ. ఎవరు కూరారన్నది నోటీసులో అడగలా."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "రాసుకో," అన్నాను. "ఆ మురికిలో నారు నాటేశాను. అది వడ్లయి వస్తది. కావాలంటే కోతలప్పుడు వచ్చి వడ్లు తూచుకోమను."

ఈలోపు మా ఆయన పార భుజాన వేసుకుని వచ్చాడు. నా వంక చూడకుండా జోజిని అడిగాడు. "ఏందంట?"

"మీ పొలంలో బురద అసలుది కాదంట బాబాయ్. నకిలీదంట."

నోటీసు లాక్కుని చింపి కాలవలో వేస్తాడనుకున్నాను. మనసులో, చించయ్యా, చించు అనుకున్నాను కూడా. ఆయన చదివాడు. మళ్లీ మొదట్నించీ చదివాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"మా తాతలనాటి పొలం ఇది," అన్నాడు. "దీన్లో బురద నకిలీదా? వాళ్ల పాకెట్టు మురికి అసలుదా?"

వంగి పిడికెడు తీశాడు. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. అప్పుడు, ఇన్నాళ్ల తర్వాత, నా వైపు తిరిగాడు.

"ఏమే, ఆ బక్కెట్టు ఇటు తే."

మాట్లాడాడన్న సంతోషంలో ఎందుకని కూడా అడక్కుండా పరిగెత్తుకెళ్లి ఇచ్చాను. చేను మధ్యకు దిగి, అడుగునుంచి తీసిన నల్లటి బురదతో బక్కెట్టు నింపాడు. గడ్డిపోచ కనిపిస్తే ఏరి పారేశాడు.

"ఎక్కడికయ్యా?"

"ఆఫీసుకు. కాటా మీద పెట్టిస్తా. వాళ్ల మురికి ఎంత తూగుద్దో మన మురికి ఎంత తూగుద్దో అక్కడే తేలాల. మనదే అసలు మురికని వాళ్ల చేత రాయించుకొస్తా. నువ్వు సంతకం పెట్టాల్సొస్తే పెడుదువుగాని, కబురు చేస్తా."

"అన్నం తిని పో."

"తొందరగా పోదాం బాబాయ్," అన్నాడు జోజి. "నోటీసులు చాలామందికి ఇచ్చారు. పొద్దుటినుంచీ బక్కెట్లతో బారులు తీరి ఉన్నారు."

నాకు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. ఆ ఆఫీసు లెక్కకు తలవంచని మనిషి ఈ ఊళ్లో ఒక్కడన్నా ఉన్నాడని ఇన్నాళ్లూ కోపంలో కూడా గర్వపడ్డాను. ఆ ఒక్కడూ బక్కెట్టు మీద తడిగుడ్డ కప్పి, ఒలక్కుండా పట్టుకోరా అని జోజికి అప్పజెప్పి, మా మురికికి ధ్రువపత్రం తేవడానికి వరసలో నిలబడేందుకు వెళ్లాడు.